పేచీ పెట్టే నవలే కావాలి: మా కాలనీ చదువరుల ప్రణాళిక

నెలకో ఆదివారం సాయంత్రం కమ్యూనిటీ హాల్లో కూర్చుని ఒక నవల గురించి మాట్లాడుకోవాలని హైదరాబాద్‌లోని మా కాలనీవాళ్లం తీర్మానించుకున్నాం. ఏ నవల అన్నదగ్గరే అసలు పని మొదలైంది. తెలుగులో మంచి నవలలకు కొదవ లేదు. కానీ చదివి "చాలా బాగుంది" అనేసి, టీ తాగి లేచిపోయే నవలతో రెండు గంటలు గడవవు. పక్కపక్క ఇళ్లవాళ్లు ఒకే పుస్తకం చదివి రెండు వేర్వేరు తీర్పులతో వచ్చే నవల మాకు కావాలి. మా ఎంపికకు ఇదే మొదటి కొలత. మిగతావన్నీ దీని తరవాతే.

డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' సంగతే చూడండి. 1950ల చివర 'తెలుగు స్వతంత్ర'లో సీరియల్‌గా వచ్చిన నవల. అందులోని ఇందిర ఉద్యోగం చేసి తండ్రిని పోషిస్తుంది. తనకేం కావాలో మొహమాటపడకుండా అడుగుతుంది, దక్కనిదాన్ని తలుచుకుని ఏడుస్తూ కూర్చోదు. ఆమె స్వార్థపరురాలా, లేక ఆ ఇంట్లో బతికి బట్టకట్టాలంటే అలా ఉండక తప్పదా? ప్రకాశం మంచివాడా, ఉత్త పిరికివాడా? కల్యాణి మీద మనకు పుట్టే జాలిలో ఇందిర మీది కోపం ఎంత కలిసిపోయింది? ఒకే ఇంటి అత్తా కోడలూ వీటికి చెరో జవాబు చెప్పగలరు, ఇద్దరూ తమ మాటకు సాక్ష్యంగా పుస్తకంలోని పేజీ తీసి చూపించగలరు. అలా పేజీ తీసి చూపించే వీలున్న నవలనే ఎంచుకుంటాం. ఎవరు మంచో ఎవరు చెడో రచయితే ముందుగా తేల్చేసి, చివర్లో శిక్షలూ బహుమతులూ పంచిపెట్టేస్తే మేం మాట్లాడుకోవడానికి మిగిలేది తక్కువ.

ఎంపికకు ఓట్లు పెట్టం. ఓట్లు పెడితే అందరూ పేరు విన్న పుస్తకమే ప్రతిసారీ గెలుస్తుంది, ఎవరో ఒక్కరే ప్రేమగా దాచుకున్న పుస్తకం ఎప్పటికీ బయటికి రాదు. అందుకే వంతులు. సొంతిల్లున్నవారికీ అద్దెకుంటున్నవారికీ, రిటైరైన మాస్టారికీ ఇంటర్ చదివే పిల్లకీ ఒకే వంతు. షరతు ఒక్కటే: నవల చెప్పేవాళ్లు దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివి ఉండాలి. అవార్డు వచ్చిందటనో, ఎవరో పొగిడారనో చెబితే చాలదు. సినిమా చూశామన్నా కుదరదు. 'కాలాతీత వ్యక్తులు' ఆధారంగా తీసిన 'చదువుకున్న అమ్మాయిలు' సినిమా చూసినంతమాత్రాన శ్రీదేవి నవల చదివినట్టు కాదు కదా! పుస్తకం మూసేశాక కూడా తమ మనసులో తేలకుండా ఉండిపోయిన విషయం ఏమిటో వాళ్లు చెప్పాలి.

కులం మాట వస్తుందని ఏ నవలనూ పక్కన పెట్టం. ఇది మాకు చాలా ముఖ్యమైన నియమం. ఇరుగుపొరుగు సంఘాల్లో "గొడవలెందుకులెండి" అన్న మాటతో మంచి పుస్తకాలు ఎన్నో వెనక్కి వెళ్లిపోతాయి. ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో ఉండి రాసిన 'మాలపల్లి'ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఆ పుస్తకాన్ని మొహమాటంతో మేమే నిషేధించుకుంటే ఎలా? అయితే దాన్ని ఒంటరిగా చదవం. ఒక సమూహం గురించి బయటివాళ్లు రాసిన నవల తీసుకుంటే, ఆ సమూహంలోంచి వచ్చిన నవల కూడా వెంటనే తీసుకుంటాం. 'మాలపల్లి' తరవాతి నెల జి. కల్యాణరావు 'అంటరాని వసంతం'. మొదటిదానిలో రామదాసు ఓర్పు మనల్ని కదిలిస్తుంది. రెండోదానిలో ఎన్నెలదిన్నె ఎల్లన్నా అతని తరవాతి తరాలూ పాటతో, ఆటతో, తిరుగుబాటుతో ఎదురొస్తారు. అప్పుడు రామదాసు దగ్గరికి మళ్లీ వెళితే, ఆ ఓర్పు అతనిదేనా, రచయిత అతనికి కోరుకున్నదా అని అడగాలనిపిస్తుంది. ఈ ప్రశ్న ఒక్క పుస్తకంతో పుట్టదు.

విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు'నూ ఒకవైపునుంచే చదవం. సుబ్బన్నపేట వైభవం కూలిపోతుంటే ధర్మారావు పడే వేదన నిజమైనది, విశ్వనాథ దాన్ని రాసిన తీరు అసామాన్యం. ఆ వైభవంలో ఏనాడూ వాటా లేనివాళ్ల మనవలు కూడా మా హాల్లో కుర్చీ వేసుకుని కూర్చుంటారు. వాళ్లు చెప్పేది పూర్తిగా వినకుండా ఆ నవల చర్చ ముగించం. అంత పెద్ద పుస్తకాన్ని ఒక్క నెలలో చదివెయ్యమనడం అన్యాయం గనక మూడు సమావేశాలు కేటాయిస్తాం.

మా కాలనీలో ఖమ్మంవాళ్లున్నారు, చిత్తూరువాళ్లున్నారు, శ్రీకాకుళంవాళ్లున్నారు. "ఆ యాస మాకర్థం కాదండీ" అనే మాట ఏ నవలనీ ఆపడానికి చెల్లదు. ఆ ప్రాంతంవాళ్లు కొన్ని పేజీలు పైకి చదివి వినిపిస్తే చాలు, సగం అడ్డు తొలగిపోతుంది. చూపు మందగించిన పెద్దవాళ్లకూ అది మేలు. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు'లో నిజాం కాలపు గడీని ఆంధ్రనుంచి వచ్చిన సారంగపాణి కళ్లతో కూడా చూస్తాం. వేరే జిల్లానుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన చాలామందికి ఆ చూపు సొంతమనిపిస్తుంది, ఇక్కడివాళ్లు దాన్ని సరిచేయగలరు కూడా. డాక్టర్ కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' చిన్న పుస్తకం. అడవిలో చిక్కుకున్న ఈనిన పంది, దాన్ని వెతుక్కుంటూ వెళ్లిన ముసలివాడు. అంతా చదివాక అతను నిజంగా గెలిచాడా అన్నదాని మీద ఒక సాయంత్రం మొత్తం ఇట్టే గడిచిపోతుంది.

పత్రికల సీరియళ్లను చిన్నచూపు చూడం. అద్దె లైబ్రరీల్లో పుస్తకాలు తెచ్చుకుని, వంటపని ముగించి రాత్రి చదువుకున్న స్త్రీలు తెలుగు నవలను పోషించారు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' చదివి పెరిగిన అమ్మకు, ఈ కాలపు కూతురికి ఆ నాయకుడి అహంకారం ఒకేలా కనబడదు. మాకు కావాల్సింది అదే. అనువాదాలూ తీసుకుంటాం. కానీ అనువాదకుల పేరు చెప్పకుండా పుస్తకం పేరు చెప్పం. 'ఏడు తరాలు' అంటే సహవాసి, 'పథేర్ పాంచాలి' అంటే మద్దిపట్ల సూరి.

దొరకని పుస్తకాన్ని ఎంచుకుని లాభం లేదు. నవల చెప్పేవాళ్లే అది ఏ షాపులో ఉందో, ఏ గ్రంథాలయంలో ఉందో కనుక్కుని రావాలి. కొత్త ప్రతి లేకపోతే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతకొచ్చు. 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం సుల్తాన్ బజార్‌లో ఉండనే ఉంది. నాలుగిళ్లకు ఒక ప్రతి చొప్పున కొని చేతులు మార్చుకుంటాం. అమ్మకంలో ఉన్న పుస్తకాన్ని పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పంచడం మాత్రం ఒప్పుకోం. తెలుగు రచయితకు వచ్చేదే తక్కువ, దానికీ గండి కొట్టలేం.

నవల పూర్తిచేయనివాళ్లు కూడా రావచ్చు. అయితే వాళ్లకోసం ముగింపును దాచిపెట్టి మాట్లాడం.

మొదటి నెల 'కాలాతీత వ్యక్తులు', రెండోనెల 'మాలపల్లి', మూడోనెల 'అంటరాని వసంతం'. నాలుగోనెలనుంచి వంతులు మొదలవుతాయి, తొలి వంతు మాలో అందరికంటే చిన్నవాళ్లది.