ముక్కు అలర్జీకి సూది కన్నా స్ప్రే మేలు

జమ్మికుంట మార్కెట్‌కు పత్తి వచ్చే రోజుల్లో దుమ్ము, నూగు పడనివారికి తుమ్ములు, ముక్కు దిబ్బడ తప్పవు. స్టెరాయిడ్ అనగానే భయపడి స్ప్రే వద్దనేవారే త్వరగా తగ్గాలని స్టెరాయిడ్ సూది వేయించుకుంటారు. ఇది తలకిందుల లెక్క అని మా అభిప్రాయం.

సూది మందు ఒళ్లంతా పాకుతుంది. షుగరు పెరగవచ్చు, పదే పదే వేయిస్తే ఎముకలు గుల్లబారవచ్చు. బీటామెథసోన్ చుక్కలు కూడా స్ప్రే కన్నా ఎక్కువగా రక్తంలో కలుస్తాయి. ఫ్లూటికసోన్, మొమెటసోన్ స్ప్రేలు ముక్కు పొరపైనే పనిచేస్తాయి. రక్తంలోకి చేరేది అతి స్వల్పం.

తల కొద్దిగా ముందుకు వంచి, కుడి ముక్కులో ఎడమ చేత్తో, ఎడమ ముక్కులో కుడి చేత్తో, నడిమి గోడకు తగలకుండా కొట్టి మెల్లగా పీల్చండి. పూర్తి గుణానికి రెండు వారాలు పట్టవచ్చు. డాక్టరును అడగకుండా మధ్యలో మానకండి.