ముంజేతి కంకణమే అద్దమైతే

ముంజేతి కంకణానికి అద్దమెందుకని సామెత. ఈ రోజుల్లో కంకణమే అద్దమై కూర్చుంది. మణికట్టు మీది వాచీలో మనిషి గుండె కనబడుతోంది.

కిందటి సంక్రాంతికి మా బావగారు కొత్త స్మార్టువాచీ పెట్టుకుని మా యింటికి వచ్చారు. పండుగ మూడురోజులూ చుట్టుపక్కల వాళ్ళందరికీ నాడి చూసిపెట్టారు. కనుమనాడు గారెలు తిని లేచారో లేదో, ఛాతీ పట్టుకుని కూలబడ్డారు. ఒళ్ళంతా చెమటలు. అక్కయ్య కంగారుపడింది. బావగారు మాత్రం నింపాదిగా వాచీ మీద వేలుపెట్టి అరనిమిషం ఆగారు.

"చూడవే, గుండె లయ సక్రమంగానే వుందంటోంది. గారెల వాయువు. కాస్త వాము యివ్వు" అన్నారు.

మేమూ నమ్మాం. ఎం.ఏ. చదివి పదిమందికి పాఠాలు చెప్పే నేనూ నమ్మాను! ముప్పావుగంట అలా గడిచిపోయింది. చివరకు అక్కయ్యే, "వాచీ మాట వాచీది, నా కళ్ళు నావి" అని 108కి ఫోను చేయించింది. ఆస్పత్రిలో గుండెపోటని తేల్చారు. దైవం మేలుచేసింది, గండం గడిచింది.

"అయితే వాచీ అబద్ధం చెప్పిందాండీ?" అని డాక్టరుగారిని అడిగాను.

"లేదండీ. మీరు దాన్ని అడిగిన ప్రశ్న వేరు, అది చెప్పిన జవాబు వేరు" అన్నారాయన.

యింటికి వచ్చి నాలుగు విషయాలు చదివితే సంగతి బోధపడింది. గుండె విద్యుత్తును కొలిచే యంత్రానికి డచ్చి శాస్త్రజ్ఞుడు ఐంథోవెన్‌కు 1924లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ రోజుల్లో రోగి చేతులూ కాలూ ఉప్పునీటి తొట్లలో ముంచి కూర్చోవలసి వచ్చేది. నేడు ఒక చేతికి వాచీ, దానిమీద రెండోచేతి వేలు, అంతే! అయితే రెండు చేతుల మధ్య కొలిచే ఈ చూపు ఒక్కవైపు చూపే. ఆస్పత్రి ఈసీజీ గుండెను 12 వైపులనుంచి చూస్తుంది. వాచీ ముఖ్యంగా లయ తప్పిందా లేదా అన్నదే చెబుతుంది. గుండెపోటును అది పట్టలేదు. ఆ మాట వాడకపు సూచనల్లోనే వుంటుంది. చదివిందెవరు?

ఈ వాచీల్లో అసలు వింత మరొకటి వుంది. వెనకటి వాచీ కొన్ననాడు ఎంత తెలిసినదో, చివరిదాకా అంతే. ఇవి కొన్న తర్వాత కూడా చదువుకుంటాయి. లోపల వుండి వాటిని నడిపించే ఆపరేటింగ్ సిస్టం మారినప్పుడల్లా కొత్త విద్య పట్టుబడుతుంది. 2015లో వచ్చిన మొదటి ఆపిల్ వాచీ చర్మంమీద ఆకుపచ్చ వెలుగు ప్రసరింపజేసి, రక్తం దాన్ని పీల్చుకునే తీరును బట్టి గుండె కొట్టుకోవడం లెక్కపెట్టేది. 2018 సెప్టెంబరులో అమ్మకానికి వచ్చిన నాలుగో తరం వాచీలకు, ఆ డిసెంబరులో అమెరికాలో ఈసీజీ విద్య అబ్బింది. 2023లో కొన్న వాచీ 2024లో నిద్రలో శ్వాస ఆగే జబ్బు జాడలను, 2025లో రక్తపోటు సూచనలను కనిపెట్టడం నేర్చుకుంది. గూగుల్ వారు 2014లో ఆండ్రాయిడ్ వేర్ అని మొదలుపెట్టి, 2018లో వేర్ ఓఎస్ అని పేరు మార్చినదీ ఈ బాటనే నడిచింది.

మంచి విద్యార్థే, కాదనను. పైకి తెలియని లయదోషాన్ని ముందుగా చెప్పి డాక్టరు దగ్గరికి పంపితే అంతకన్న కావలసిందేముంది? కాని మా కాలేజీ పిల్లల సంగతి నాకు తెలుసు. చదవని పాఠంలో ప్రశ్న వేసి, జవాబు రాలేదని వాళ్ళననడం న్యాయం కాదు. వాచీ ప్రమాదముందంటే వినవలసిందే. ప్రమాదం లేదన్నదని మాత్రం ఛాతీనొప్పిని దాచుకోరాదు.

బావగారు యిప్పటికీ ఆ వాచీ పెట్టుకుంటున్నారు. అయితే ఒళ్ళు ఏమాత్రం బాగుండకపోయినా ముందు తనకు చెప్పాలని, తర్వాతే వాచీకి చెప్పాలని అక్కయ్య కట్టడి చేసింది.