ఏటికొక పండుగతో నాటకము బ్రతుకునా?

ఢిల్లీ నగరమున జాతీయ నాటక విద్యాలయమువారు 1999వ సంవత్సరమున భారత రంగ మహోత్సవము నారంభించిరి. చలికాలమున మండీ హౌసు పరిసరములందలి రంగశాలలలో నానాభాషా నాటకము లాడుదురు. ఇది మంచిపని కాదని నేననను. దీనిని జూపి దేశమున నాటకము వర్ధిల్లుచున్నదని చంకలు గొట్టుకొనువారితోనే నా వివాదము.

దూరమునుండి యొక సమాజము వచ్చును. నటులు, తెరలు, పెట్టెలు, వాద్యములు. నెలలకొలది సాధన చేసిరి. ప్రాయికముగా నొక్క రాత్రి యాడి, మరునాడు రైలెక్కుదురు. నేడు చూచి మెచ్చినవాడు రేపు మిత్రుని బంపుదమన్నచో నా నాటకమచట లేదు! నటునకు తన తప్పు తెలియునది మొదటి రాత్రి, దిద్దుకొనునది రెండవ రాత్రి. ఆ రెండవ రాత్రి లేని యాట పెండ్లిభోజనము వంటిది. ఆ పూట కడుపు నిండును గాని యింట పొయ్యి వెలుగదు.

ఉత్సవమే నాటకమునకు పుట్టినిల్లు గదా యని పండితు లందురు. నిజమే. భరతుని నాట్యశాస్త్రమున ప్రథమ ప్రయోగము మహేంద్రుని ధ్వజోత్సవముననే జరిగినది. కథ యంతటితో ముగిసినదా? విఘ్నములు చెలరేగగా బ్రహ్మ విశ్వకర్మను బిలిచి నాట్యగృహము గట్టుమనెను. రెండవ యధ్యాయము నిండ నా గృహము కొలతలే. మన ప్రభువులు మొదటి యధ్యాయము చదివి గ్రంథము మూసినారు కాబోలు! ఏథెన్సు నగరమునను ఏటికొక యుత్సవమే గదా యని ఆంగ్లవిద్యావంతు లందురు. అచట గాయకబృందము వ్యయమును ధనికుడైన పౌరుడు భరింపవలసియుండెను. బీదవాడు ప్రవేశించుటకు ప్రజల బొక్కసమున నిధి యుండెను. ఆ భాగమును మనవారు దిగుమతి చేసికొనలేదు.

మన సురభివారిని జూడుడు. 1885లో కడప మండలమున కీచకవధతో వారు మొదలిడినదియు నొక పెండ్లి సంబరముననే. అచ్చటనే యాగియుండినచో నేడు వారి పేరెవ్వ రెరుగుదురు? ఊరూర డేరా వేసి దినముల తరబడి యాడిరి. స్త్రీలు రంగమెక్కుట తప్పని పెద్దలు గర్జించు దినములలో వారి యింటి స్త్రీలే స్త్రీపాత్రలు ధరించిరి. చూచినవారే మరల వచ్చి, నిన్నటి పద్యము బాగుగ నుండెనా, నేటిదా యని తర్కించువారు. ప్రేక్షకుడనగా వాడు.

2024లో 25వ యుత్సవము ఢిల్లీ దాటి 15 నగరములకు వ్యాపించినది. సంతోషమే. కాని నాటకముల సంఖ్య సగము చేసి, ఒక్కొక్కదానికి నాలుగు రాత్రు లీయరాదా? నా తరగతిలో శాకుంతలమును సంధులు విడదీయుటకే చదువుచున్నాము. దానిని రంగముపై జూచిన బాలు డొక్కడును లేడు. (నలుబదియేండ్లు నిండువరకు నేనును జూడలేదని చెప్పుటకు సిగ్గగుచున్నది.) ఉత్సవము ముగిసిన మరునాడు ఆ రంగశాలల యద్దె యెంతయో, చేతిలో పైకము లేని యొక ఔత్సాహిక సమాజము దాని నీయగలదో లేదో, నిర్వాహకులు ముందుగా విచారింతురుగాక.