ఒకే వాద్యం... ఇద్దరు చుట్టాలు

శాక్సఫోన్ అనగానే గోదావరి జిల్లాల్లో మనకు ముందు గుర్తొచ్చేది కచేరీ కాదు, పెళ్ళి ఊరేగింపు. జరీ అంచు కోట్లు, ట్రంపెట్లు, క్లారినెట్లు, వాటి పక్కన మెడ వంచుకుని మెరిసిపోయే ఆ వాద్యం. ఆ తర్వాత గుర్తొచ్చేది 1994 నాటి 'డ్యూయెట్' సినిమా. రెహమాన్ బాణీలకు కద్రి గోపాల్‌నాథ్ ఊపిరి పోసిన సినిమా అది. ఊరేగింపూ సినిమా కాకుండా శాక్సఫోన్‌కి ఇంకో ఇల్లుంది. దాని పేరు జాజ్. అక్కడికి వెళ్ళాలంటే మనలో చాలామందికి బెరుకు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళే ఆల్బం ఒకటుంది. పేరు 'కిన్స్‌మెన్'. మన మాటల్లో చుట్టాలు.

2008లో అమెరికాలోని పై రికార్డింగ్స్ సంస్థ విడుదల చేసిన ఈ ఆల్బంలో ఇద్దరు ఆల్టో శాక్సఫోన్ విద్వాంసులు ఎదురుబొదురుగా నిలబడతారు. ఒకరు కద్రి. రెండోవారు రుద్రేశ్ మహంతప్ప. కన్నడ కుటుంబంలో 1971లో ఇటలీలో పుట్టి, అమెరికాలోని కొలరాడోలో పెరిగి, చార్లీ పార్కర్‌ను వింటూ జాజ్ నేర్చుకున్నవాడు. బర్క్‌లీ సంగీత కళాశాలలో చదువుకునే రోజుల్లో అన్నగారు నవ్వులాటకి ఒక రికార్డు చేతిలో పెట్టారట. దాని పేరు 'శాక్సఫోన్ ఇండియన్ స్టైల్'. వాయించింది కద్రి. ఆ నవ్వులాట ముదిరి, ఏళ్ళ తర్వాత ఇద్దరినీ ఒకే ఆల్బంలో కూర్చోబెట్టింది.

ఇలాంటి ఆల్బం వినిపిస్తే మన దగ్గర మూడు రకాల మాటలు పడతాయి. మూడింటికీ కారణాలున్నాయి. మూడింటికీ జవాబులూ ఉన్నాయి.

మొదటి మాట సభలకు అలవాటుపడిన పెద్దలది. "కద్రి వాయిస్తున్నంతసేపూ హాయిగా ఉంది. ఆ రెండో అబ్బాయి అందుకోగానే రాగం చెదిరిపోయింది" అంటారు. నిజమే, చెదురుతుంది. కానీ జాజ్‌లో రాగం గట్టు కాదు. మన విద్వాంసుడు ఒక రాగం లోపలే ఉండి, దాని లోతు చూపిస్తాడు. జాజ్ కళాకారుడి కాళ్ళ కింద స్వరాల గుంపులు క్షణక్షణం మారుతుంటాయి. మారే నేలమీద జారిపడకుండా నడవడమే అక్కడి విద్వత్తు. అయినా రెండింటికీ ఒక పోలిక ఉంది. పల్లవి పాడి, కల్పనస్వరాలు వేసి, లెక్క తప్పకుండా మళ్ళీ పల్లవి ఎత్తుగడకు వచ్చి వాలడం మనకు తెలిసిన ఆనందమే కదా. జాజ్‌లోనూ ముందు ఒక బాణీ వినిపిస్తారు. తర్వాత ఒక్కొక్కరూ దానిమీద తమ కల్పన వినిపిస్తారు. చివరికి అందరూ కలిసి ఆ బాణీ దగ్గరికే తిరిగొస్తారు. మొదటి నిమిషంలో ఆ బాణీని చెవిలో పదిలం చేసుకోండి. తర్వాతదంతా గోలలా అనిపించదు.

రెండో మాట కుర్రకారుది. "రుద్రేశ్ వేగం అదిరింది. కద్రి వాయించింది మామూలు కచేరీయే కదా" అని. ఇది ఇంకాస్త తొందరపాటు. శాక్సఫోన్‌ని బెల్జియంలో పుట్టిన అడాల్ఫ్ శాక్స్ తయారుచేసి, 1846లో ఫ్రాన్స్‌లో పేటెంటు తీసుకున్నాడు. మీట నొక్కితే మెట్టు మీద మెట్టులా స్వరాలు పలకడానికి చేసిన వాద్యం అది. మన సంగీతానికి మెట్లు చాలవు, మెట్టుకీ మెట్టుకీ మధ్య జారుడు కావాలి. ఆ గమకాన్ని మీటల వాద్యం మీద పలికించడానికి కద్రి ఏళ్ళ తరబడి సాధన చేశారు. పెదవుల పట్టు మార్చుకున్నారు, వాద్యంలోనూ మార్పులు చేయించుకున్నారు. ఆయన తండ్రి నాదస్వర విద్వాంసుడు. కుర్రాడిగా మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సఫోన్ విని దాని వెంట పడ్డారు. శ్రద్ధగా వింటే ఆయన శాక్సఫోన్ లోపల సన్నాయి ఉంటుంది. 1980లో బొంబాయి జాజ్ ఉత్సవంలో జాన్ హ్యాండీ పక్కన నిలబడి వాయించిన మనిషికి జాజ్ కొత్తేమీ కాదు. తన ఇల్లు వదలకుండానే పక్కింటివాళ్ళతో మాట్లాడగలిగారు, అంతే.

మూడో మాట అసలైనది. "రెండూ బాగానే ఉన్నాయి గానీ, కలిశాయా?" దీనికి ఆల్బం అంతా ఒకే జవాబు ఇవ్వదు. కొన్నిచోట్ల ఇద్దరూ వంతులవారీగా మాట్లాడుకున్నట్టే ఉంటుంది, కలిసి మాట్లాడినట్టు ఉండదు. 'గణేశ', 'కల్యాణి', 'స్నేక్' లాంటివి విని ఎవరికి వారు తేల్చుకోవాల్సిందే. కలిసినచోట మాత్రం ఎక్కువసార్లు కలిపేది తాళం. పూవలూర్ శ్రీజి మృదంగం, రాయల్ హార్టిగన్ డ్రమ్స్ ఒకే లెక్కమీద నడుస్తుంటే రెండు శాక్సఫోన్ల తగాదా కాస్తా సరసమైపోతుంది. ఇంకో వంతెన వయొలిన్. అది మన విజయనగరం ఆడపడుచు అవసరాల కన్యాకుమారిది. ఎమ్మెల్ వసంతకుమారికి ఏళ్ళపాటు పక్కవాద్యం వాయించి, 2016లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి అందుకున్న విదుషి. పడమటి నుంచి వచ్చిన వాద్యాన్ని ఒళ్ళో పెట్టుకుని, పడమటి నుంచి వచ్చిన ఇంకో వాద్యానికి ఆమె తోడు పలుకుతుంటే, ఇందులో మనదేది పరాయిదేది అన్న ప్రశ్న కాసేపు నోరు మూసుకుంటుంది.

నిజానికి ఈ ప్రశ్న డెల్టాకి కొత్త కాదు. పాలకొల్లు బిడ్డ ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్ పట్టుకున్నప్పుడూ ఇదే అడిగారు. సినిమా పాటల్లో టింగుటింగుమనే వాద్యానికి త్యాగరాజ కీర్తనలేమిటని. తొమ్మిదేళ్ళ వయసులో 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేసిన ఆ పిల్లాడు, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించి వచ్చాడు. మామూలు మాండలిన్‌లో నాదం నిలవక గమకం పలకదు కాబట్టి, ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, జంట తీగెల బదులు ఐదు ఒంటి తీగెలు పెట్టుకున్నాడు. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్‌తో 'రిమెంబర్ శక్తి' బృందంలో ప్రపంచమంతా తిరిగాడు. ఇవాళ మాండలిన్ కర్ణాటక వాద్యమా అని పాలకొల్లులో అడిగితే నవ్వుతారు.

ఇక్కడొక సంగతి గమనించాలి. కద్రి నాదస్వర విద్వాంసుడి కొడుకు. శ్రీనివాస్ తండ్రి సత్యనారాయణ క్లారినెట్ కళాకారుడు. ఇద్దరి ఇళ్ళలోనూ ముందున్నది ఊదే వాద్యమే. మనమేమో ఊదే వాద్యాన్ని పెళ్ళిపందిట్లో కబుర్ల మధ్య, ఊరేగింపులో టపాకాయల మధ్య సగం చెవితో వింటాం. భోజనాలకి లేచే వేళకి సన్నాయి ఏ రాగంలో ఉందో చెప్పగలిగినవాళ్ళు ఎందరు? ఏడాదిలో నాలుగు నెలల ముహూర్తాల మీద బతికే బ్యాండు మేళాల్లో, మీటలమీద జారుడు పలికించగల కుర్రాడు ఒకడున్నా మనకు తెలిసే దారేది? డీజే పెట్టెలు వచ్చాక ఆ సగం చెవి కూడా కరువైంది.

శ్రీనివాస్ 2014లో, కద్రి 2019లో వెళ్ళిపోయారు. రుద్రేశ్ 2016 నుంచి ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో జాజ్ విభాగాన్ని నడిపిస్తున్నారు. 'కిన్స్‌మెన్' మాత్రం అలాగే ఉంది, ఎవరు ఏ మాట అన్నా ఓపిగ్గా వింటూ. ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోను పక్కన పెట్టి, మొదటి వినికిడికి తీర్పు చెప్పకుండా, రెండోసారి వినండి. నచ్చకపోతే మానె. కానీ ఈసారి పెళ్ళికి వెళ్ళినప్పుడు మీ చెవి దానంతటదే బ్యాండు వైపు తిరిగిందంటే, ఆ ఆల్బం తన పని చేసినట్టే.