మూట మోసినవాని పేరు

జనగామలో సికింద్రాబాద్ రైలెక్కితే, భువనగిరి రాగానే నేను కిటికీ దగ్గరికి జరుగుతాను. ఆ ఏకశిల గుట్ట మీదనే మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తాళ్ళు పట్టి ఎక్కడం నేర్చుకున్నారు. గురుకులంలో చదివిన ఆ ఇద్దరూ 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి 14 ఏండ్లు నిండలేదు. మనం గర్వపడ్డాం. పడవలసిందే.

కాని అదే ఏడు ఏప్రిల్ 18న, అదే కొండకు నేపాల్ వైపున, ఖుంబు అనే పగుళ్ళ మంచు దారిలో మంచుచరియ విరిగిపడి 16 మంది నేపాలీ పనివాళ్ళు చనిపోయారు. ఎక్కువమంది షెర్పాలు. ఇతరులు ఎక్కడానికి కావలసిన సామాను మోస్తూ పోయారు. ఎక్కేవాడు ఆ దారిని కొద్దిసార్లే దాటుతాడు, మోసేవాడు పదేపదే దాటాలె. అంత్యక్రియలకని ప్రభుత్వం మొదట ప్రకటించింది 40 వేల నేపాలీ రూపాయలు! షెర్పాలు పని మానేస్తామన్నాకనే బీమా పెంచడానికి ఒప్పుకున్నది.

“కూలి ఇస్తున్నారు గదా” అంటారు కొందరు. కూలి చెమటకు ఖరీదు, ప్రాణానికి కాదు. పోయినవాని పిల్లలు చదువుకునేంత బీమా ఉండాలె. ఎక్కినవాని పక్కన మోసినవాని పేరూ రాయాలె. 1953లో హిల్లరీతో టెన్సింగ్ పేరు చెప్పుకున్నాం. తర్వాత ఎందరి పేర్లు మనకు తెలుసు?

ఒకరిని అనడమెందుకు? మార్కెట్‌లో మా నాయిన వడ్ల బస్తాలు ఏండ్ల తరబడి మోస్తున్న హమాలీ పేరు నేనూ అడగలేదు. ఈ యాసంగికి అడుగుతాను.