అటక మీది రౌటర్‌ని కిందికి దించండి

"ఏమప్పా, మీ మామ మొహం మళ్లీ ఫోటో మాదిరి ఆగిపోయిందే!"

శ్రీకాళహస్తిలోని మా ఇంట్లో ప్రతి శుక్రవారం వినిపించే మాట ఇది. మామ కువైట్‌లో పని చేస్తాడు, శుక్రవారం ఆయనకు సెలవు. మా ఇల్లేమో రైలు పెట్టె లాగా ముందు నుంచి వెనక్కి ఒకే వరసలో ఉంటుంది. రౌటర్ ముందు గదిలో, అవ్వ మంచం చివరి గదిలో. మధ్యలో మూడు గోడలు, ఒక ఇనుప బీరువా. వీడియో కాల్ ఆగిపోతే అవ్వ మోకాళ్లు పట్టుకుని ముందు గదికి నడిచి రావాలి. వచ్చేలోపు కాల్ కట్ అయిపోయేది.

నాయన షాపులో అడిగొచ్చాడు. ఒకాయన ఎక్స్‌టెండర్ అన్నాడట, ఇంకొకాయన మెష్ సెట్ అన్నాడట. "నువ్వు చదివేది కంప్యూటర్లే కదా, ఏది కొనాలో చెప్పు" అని నన్నడిగాడు. నిజం చెప్తున్నా, నేను కూడా ముందు ఫోన్ తీసి రేట్లే చూశాను. శ్రీ సిటీలో క్లాసులో కూర్చుని సబ్‌నెట్ లెక్కలు చేస్తాను, మార్కులు కూడా వస్తాయి. ఆ లెక్కలకీ అవ్వ గదికీ సంబంధం ఉందని మాత్రం తట్టలేదు.

పరిష్కారం మా అటక మీదే ఉంది. ఫైబర్ కనెక్షన్‌కి మారినప్పుడు కొత్తవాళ్లు తమ బాక్సు పెట్టి వెళ్లారు. పాత రౌటర్ ఏ రిపేరూ లేకుండానే అటకెక్కింది. మీలో చాలామంది ఇళ్లలో కూడా ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. నా అభిప్రాయం ఒక్కటే: ముందు దాన్ని దించి, ఒక వైరు లాగి చూడండి. అది చాలకపోతే అప్పుడు కొనండి.

వైరు ఎందుకు? మామూలు చవక ఎక్స్‌టెండర్ ఒకే రేడియోతో రౌటర్ చెప్పేది వినాలి, మళ్లీ అదే మాట మన ఫోన్‌కి చెప్పాలి. రెండూ ఒకేసారి కుదరవు కాబట్టి స్పీడు దాదాపు సగం పోతుంది. పైగా సిగ్నల్ సరిగా అందని గదిలో పెడితే, అందని సిగ్నల్‌నే అది ముందుకు పంపుతుంది. వైరుకి గోడలతో, బీరువాతో పని లేదు. ఈథర్‌నెట్ కేబుల్ 100 మీటర్ల దాకా లాగొచ్చు, మన ఇళ్లకి అంత అక్కర్లేదు. మా ఇంటికి 20 మీటర్లు సరిపోయింది. క్రింపింగ్ టూల్ సీనియర్ దగ్గర అప్పు తెచ్చుకున్నాను.

చేయాల్సింది కొంచెమే. పాత రౌటర్‌ని రీసెట్ చేసి, లాప్‌టాప్‌కి కలిపి, దాని సెట్టింగ్స్ తెరవాలి. కొత్త బాక్సు అడ్రస్ 192.168.1.1 అయితే పాతదానికి 192.168.1.2 ఇవ్వాలి. కొత్త బాక్సు ఫోన్లకు పంచే అడ్రస్‌లలో ఆ నంబరు లేకుండా చూసుకోవాలి. తర్వాత పాతదాంట్లో డీహెచ్‌సీపీ ఆఫ్ చేయాలి. వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండింటికీ ఒకటే పెట్టొచ్చు, కానీ ఛానల్ వేరుగా ఉండాలి: ఒకటి 1లో ఉంటే ఇంకోటి 6లోనో 11లోనో. చివరికి వైరుని పాత రౌటర్‌లో 'ఇంటర్నెట్' అని రాసున్న పోర్టులో కాకుండా, పక్కనున్న మామూలు లాన్ పోర్టులో పెట్టాలి. అంతే, అది ఇక రౌటర్ కాదు, ఉత్త యాక్సెస్ పాయింట్.

నేను మొదటిసారి డీహెచ్‌సీపీ ఆఫ్ చేయడం మర్చిపోయాను. నాయన ఫోన్‌లో వైఫై గుర్తు నిండుగా ఉంది, నెట్ మాత్రం రాలేదు. "ఉన్నది కూడా పోగొట్టినావు కదరా" అన్నాడు. ఏం జరిగిందో ఆయనకు చెప్పబోతే నా నోట్లో అన్నీ ఇంగ్లీష్ మాటలే. చిన్నప్పటి నుంచి ఇంగ్లీష్ మీడియం మరి. కాసేపు తడుముకుని ఇలా చెప్పాను: "తిరుపతిలో దర్శనం టోకెన్లు ఇస్తారు కదా నాయనా. ఇంట్లో ఇప్పుడు రెండు కౌంటర్లు తెరిచాం. రెండోవాడు కూడా టోకెన్ ఇస్తాడు, కానీ వాడు చూపించే లైను గుడి దాకా పోదు." ఆయన వెంటనే "అయితే వాడి కౌంటర్ మూసెయ్" అన్నాడు. డీహెచ్‌సీపీ నాకు నిజంగా అర్థమైంది కూడా అప్పుడేనేమో.

హాస్టల్లో మాత్రం ఈ ప్రయోగం చేయకండి. గోడ పోర్టుకి డీహెచ్‌సీపీ ఆన్‌లో ఉన్న రౌటర్ తగిలిస్తే ఫ్లోర్ మొత్తానికి దొంగ టోకెన్లు పంచినట్టే.

పాత రౌటర్ స్లో కదా అని మా రూమ్మేట్ వాదన. నిజమే. మాది 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే, పోర్టులు 100 ఎంబీపీఎస్‌వి. కానీ మా ప్లాన్ అంతకంటే తక్కువ. అవ్వ వీడియో కాల్‌కి గిగాబిట్ ఎందుకు? సెక్యూరిటీ గురించి అడిగితే మాత్రం ఒప్పుకుంటాను. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన రౌటర్‌ని నేరుగా ఇంటర్నెట్‌కి ఎదురుగా పెట్టకూడదు. కొత్త బాక్సు వెనక ఉంటే ప్రమాదం తగ్గుతుంది, పూర్తిగా పోదు. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాలి, డబ్ల్యూపీఎస్ ఆపాలి. డబ్ల్యూపీఏ2 కూడా రాని పాత సరుకైతే ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇచ్చేయడమే మేలు.

ఇంకో మాట. రౌటర్ అంటే ప్రాసెసరూ మెమరీ ఉన్న చిన్న కంప్యూటర్. లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రౌటర్ 2002 చివర్లో వచ్చింది. దాని లోపల లినక్స్ ఉందని కొందరు కనిపెట్టి అడిగితే, జీపీఎల్ లైసెన్స్ ప్రకారం కంపెనీ 2003లో సోర్స్ కోడ్ బయట పెట్టాల్సి వచ్చింది. ఆ కోడ్ నుంచే 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మొదలైంది. కంపెనీలు వదిలేసిన ఎన్నో మోడళ్లు ఇవాళ్టికీ దానితో నడుస్తున్నాయి. మీ మోడల్ ఆ లిస్టులో ఉందేమో చూడండి, ఒక సెలవంతా సరిపడా పని దొరుకుతుంది.

మన శ్రీ సిటీలో 2015లో షావోమీ ఫోన్ల తయారీ మొదలైంది. కొత్త వస్తువు పుట్టే చోట చదువుతున్నాం కాబట్టో ఏమో, పాతది కనబడగానే మన చెయ్యి కొత్తదాని వైపే పోతుంది. కొనడానికి మన డిగ్రీ అక్కర్లేదు, షాపాయన కూడా చెప్పగలడు. ఉన్నదాన్ని పనిలో పెట్టడానికే కదా ఈ చదువు.

హాస్టల్‌కి వచ్చేముందు పాత రౌటర్ మీద ఒక కాగితం అతికించాను. దాని అడ్రస్, పాస్‌వర్డ్ రాసి, కింద తెలుగులో "ఈ స్విచ్ ఆపితే అవ్వకి మామ కనపడడు" అని పెట్టాను. మొన్న శుక్రవారం అవ్వ మంచం మీద నుంచే గంటసేపు మాట్లాడిందట. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు మీరూ ఒకసారి అటక ఎక్కి చూడండి.