నిలువుకాళ్ళ కొలువు



శ్రావణమాసము వచ్చినదనగా నోములకును, పేరంటములకును, పెండ్లిండ్లకును చీరలు కొనుటకై మనమందఱమును బట్టల దుకాణములకు బయలుదేరుదుము. చీరల నేతను గూర్చియు, ధరలను గూర్చియు చెప్పువారు పెక్కుమంది కలరు. ఈ నెల మేము ఆ చీరలను విప్పి చూపు చేతులను గూర్చియు, ఆ చేతులను మోయు కాళ్ళను గూర్చియు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

కొనవచ్చినవారికి దుకాణమున పరుపులు, కుర్చీలు, చల్లని నీరు లభించును. చీర చూపు అమ్మాయికి మాత్రము పలుచోట్ల చిన్న పీటయైనను ఉండదు. ఉదయము తలుపులు తెఱచినది మొదలు రాత్రి మూయువఱకు ఆమె నిలువుకాళ్ళ మీదనే యుండవలెను. బేరము లేని వేళ గోడకు ఆనుకొన్నను సోమరితనమని గద్దించు యజమానులు కలరు. గంటల కొలది ఒకేచోట నిలిచినచో కాళ్ళలోని రక్తము పైకి సరిగా పోజాలక నరములు ఉబ్బును, పాదములు వాచును, నడుము పట్టుకొనును. గర్భవతులకు ఈ బాధ మఱింత యెక్కువ.

చెప్పుటకు సంకోచించు కష్టము మఱియొకటి కలదు. పనిచేయుచోట శుభ్రమైన మరుగుదొడ్డి లేనిచో స్త్రీలు నీరు త్రాగుటయే మానుకొందురు. దానివలన మూత్రమున మంటయు, జ్వరమును కలుగును. సిగ్గుచే వైద్యునకు చెప్పక దాచుకొన్నచో ఆ రోగము మూత్రపిండముల వఱకును ప్రాకవచ్చును. ఇందు సిగ్గుపడవలసినది బాధపడువారు కాదు, మరుగుదొడ్డి కట్టింపనివారు.

ఈ కష్టమును మౌనముగా సహింపని స్త్రీలు కేరళమున బయలుదేరిరి. కోజికోడు నగరమున మిఠాయి వీధి యను పేరుగల బజారున్నది. అచ్చట కుట్టుపని చేసి జీవించిన విజి యను నామె, దుకాణములలో పనిచేయు స్త్రీలను కూడగట్టి ‘పెణ్‌కూట్టు’ అను సంఘమును నెలకొల్పెను. ఆ పేరునకు స్త్రీల కూటమి యని యర్థము. వారడిగినవి బంగారు కడియములు కావు. మరుగుదొడ్డియు, కూర్చుండు హక్కును. అనేక సంవత్సరముల పోరాటము తరువాత 2018లో కేరళ ప్రభుత్వము దుకాణముల చట్టమును సవరించి, పనివారు కూర్చుండుటకు ఆసనము లుండవలెనని విధించెను. 2021లో తమిళనాడును అట్టి సవరణమునే చేసెను. కూర్చుండుటకు సైతము చట్టము కావలసివచ్చెనన్న, అంతవఱకు వారెంత నిలిచియుందురో యూహింపుడు.

మన పెద్దలకు ఈ ధర్మము తెలియనిది కాదు. భారతమున సభాపర్వమునందు నారదుడు ధర్మరాజును చూడవచ్చి రాజ్యపాలనమును గూర్చి యనేక ప్రశ్నలు వేయును. సేనకు తిండియు, జీతమును తగినంతగా, తగిన వేళకు ఇచ్చుచున్నావా యన్నది అందొకటి. జీతముతో పాటు తిండిని కూడ అడిగెను; ఎంత యని యడుగుటతో ఊరకుండక ఎప్పుడని కూడ అడిగెను. వేళ తప్పిన కూడు కొలువుచేయువానికి కూడు కాదని ఆ మహర్షి యెఱుగును.

ఇప్పటి యజమానులు కొందఱు పండుగకు మిఠాయిపొట్లము నిత్తురు; ఏటేట వైద్యపరీక్షయు చేయింతురు. అవియు మంచివే. కాని దినదినమును కావలసినవి వేఱు: వంతుల ప్రకారము నెమ్మదిగా తినుటకు అరగంట, బేరము లేనప్పుడు కూర్చుండుటకు పీట, త్రాగ నీరు, గడియ గల మరుగుదొడ్డి, ఇంటికి పోవుటకు ఒక నియమిత వేళ. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే, ఐదు గంటలకు మించి ఎడతెగక పని చేయింపరాదనియు, నడుమ అరగంటయైనను విశ్రాంతి నీయవలెననియు విధించెను. కూర్చున్నచో బేరము పోవునని జంకు యజమానునకు మేము చెప్పునది యొక్కటే: కాళ్ళ నొప్పితో చూపిన నాలుగవ చీరకంటె, సేదదీరి చూపిన నలువదవ చీరయే ముందుగా అమ్ముడుపోవును.

ఇక ఇంటి భాగము. నేరమంతయు యజమానునిదే యన్నచో సత్యము చెప్పినట్లు కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2020లో ప్రకటించిన లెక్క ప్రకారము పురుషునకు దినమునకు 19 మిల్లీగ్రాముల ఇనుము కావలసియుండగా, స్త్రీకి 29 మిల్లీగ్రాములు కావలెను. ఎక్కువ కావలసిన ఆమెకే మన యిండ్లలో అడుగు గిన్నె మిగులును. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. అందఱికి వండిపెట్టి, తాను గ్రుక్కెడు కాఫీతో బస్సునకు పరుగెత్తు కోడలు ఆ లెక్కలోనిదే.

కనుక అత్తగారలారా, పనికి పోవు పిల్ల ముందుగా తినుట అమర్యాద కాదు. కుటుంబములో మగవారు కూరలు తఱిగిన, పాత్రలు కడిగిన, ఆమె తినుటకు పావుగంట మిగులును. ఆమె డబ్బాలో ఉత్త పచ్చడియన్నము కాక ఆకుకూర పప్పు నుంచుడు. దానిపై నిమ్మకాయ పిండుడు. పులుపు ఇనుమును ఒంటబట్టించును. మూడుగంటల వేళకు నువ్వులుండయో, గుప్పెడు వేయించిన సెనగలో కట్టి యిండు. భోజనమునకు ముందు గంట, తరువాత గంట కాఫీ తేనీరులు త్రాగవలదని చెప్పుడు. అవి తినిన యినుమును ఒంటబట్టనీయవు. ఎల్లప్పుడు అలసట, ఆయాసము ఉన్నచో తిండితోనే సరిపెట్టక వైద్యునకు చూపుడు.

చివరకు కొనువారమగు మన వంతు మిగిలినది. చూపు అమ్మాయిల భోజనవేళ దాటిన పిదప దుకాణమునకు పోవుదము. కొనదలచని చీరలను వేడుకకై అటకమీదినుండి దింపింపకుందము. దింపించినప్పుడు, “నీవును కూర్చుండి చూపుము తల్లీ” యని యందము. పీట లేదని ఆమె యన్నచో, సొమ్ము చెల్లించు చోట యజమానునితో ఆ మాటయే మర్యాదగా చెప్పుదము. ఆమె చెప్పిన మాట జీతమునకు ముప్పు తేవచ్చును. కొనువారి మాట కట్టి ముప్పు లేదు.